మట్టి తాగిన వాసన

నవంబరు 4

మా వీధి రోడ్డు పని ఇవాళ్టితో అయిపోయింది. కరెంటు తీగలు నేల కింద వేయడానికి తవ్విన కందకం పూడ్చి, రాళ్లు పరిచి, తారు పోసి, రోలరు తిప్పారు. మా గుమ్మం అంచు దాకా నల్లగా, నున్నగా ఉంది. మా ఆవిడ ఉంటే మురిసిపోయేది. వానాకాలమంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి.

ఎందుకు రాస్తున్నానో తెలియదు. సాయంత్రం వీధిలో గ్యాసు దీపాలు వెలిగిస్తాను, తెల్లవారాక ఆర్పుతాను. ఇదివరకు మధ్యాహ్నం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాణ్ని. ఇప్పుడు నిద్ర లేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూసేకంటే ఇది నయం.

"ఎవరితోనైనా మాట్లాడరా. లోపలే దాచుకుంటే పుండవుతుంది" అంటాడు మేమంతా పొడుగు అని పిలిచే నేస్తం. వాడూ నేనూ ఒకేసారి పనిలో చేరాం, పక్క పేట దీపాలు వాడివి. తను పోయిన సాయంత్రం నేను నిచ్చెన మీద దీపం గాజు తుడుస్తున్నాను. పొడుగు పరిగెత్తుకొచ్చి, ఏమీ అనకుండా నిచ్చెన రెండు చేతులతో పట్టుకున్నాడు. అంతకుముందు వాడెప్పుడూ నా నిచ్చెన పట్టుకోలేదు. వాడు నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

మాట్లాడమంటే ఎవరితో? పాపకి ఐదేళ్లు. ఇంకున్నది అత్త.

అత్త నాతో నేరుగా మాట్లాడదు. కూతురు జ్వరంతో పోయాక పాపని చూసుకోవడానికి వచ్చి మూట దించింది. అప్పట్నుంచి మాటలన్నీ పాప మీదుగానే. "పాపా, మీ నాన్నని భోజనానికి రమ్మను." నేను చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటాను. పాప నా వైపు తిరిగి, "నాన్నా, భోజనానికి రమ్మంటోంది" అంటుంది. "వస్తున్నానని చెప్పు." "వస్తున్నాడట." ముక్కుపచ్చలారని పిల్లని టపా బంట్రోతుని చేశాం.

నిచ్చెన మోసుకు తిరిగేవాడికి పిల్లనివ్వనని అప్పట్లో పట్టుబట్టిన మనిషి. తనే మొండికేసి నన్ను చేసుకుంది. ఆ సంగతి అత్తా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

నవంబరు 10

మా ఇంటి ముందు దీపం సరిగ్గా వెలగడం లేదు. మిగతావన్నీ తెల్లగా వెలుగుతుంటే ఇది గుడ్డి దీపంలా ఎర్రబడుతోంది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. మంట మీద తొడిగే మేంటిల్ వల మార్చాను, గ్యాసు వచ్చే రంధ్రం సూదితో పొడిచాను. లాభం లేదు. గొట్టంలో నీరు చేరి ఉంటుంది. చలికాలం అది మామూలే.

పై వాటాలో ఉండే కుట్టుపనావిడ కిటికీలోంచి చూసి, "ఊరంతా వెలిగిస్తావు, నీ గుమ్మం ముందు చీకటి. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి చాలా రోజులైంది, దవడ నొప్పి పుట్టింది.

నవంబరు 16

మా పై మేస్త్రి అందర్నీ గ్యాసు ఫ్యాక్టరీ ఆవరణలో నిలబెట్టాడు. వెనకాల, గ్యాసు తరిగేకొద్దీ కిందికి దిగే పెద్ద ట్యాంకు సగం దిగి ఉంది. "చూడండ్రా అబ్బాయిలూ," అన్నాడు, "కరెంటు వాళ్లు కాచుక్కూచున్నారు. గ్యాసు లీకయిందన్న మాట ఒక్కటి బయటికి పొక్కితే చాలు, పెద్ద వీధులన్నిటికీ కరెంటు స్తంభాలు పాతేస్తారు. తర్వాత దీపాలు వెలిగించే మీ కర్రలు మీరు పొయ్యిలో పెట్టుకోవచ్చు. నోళ్లు జాగ్రత్త."

మా నాన్న నూనె దీపాలు వెలిగించేవాడు. గ్యాసు వచ్చిన కొత్తలో నూనె దీపాలవాళ్లు ఊరంతా తిరిగి, నేలలోంచి దయ్యాన్ని గొట్టాల్లో తెస్తున్నారనీ, అది పీల్చిన పిల్లలు బతకరనీ ప్రచారం చేశారట. మా నాన్న కూడా చేశాడట. తర్వాత ఆయనే గ్యాసు కర్ర పట్టుకున్నాడు. పొట్టకూటి కోసం మనిషి ఏ వెలుగుకైనా వంత పాడతాడు.

నవంబరు 22

తల బద్దలవుతోంది. పనికి వెళితే తగ్గుతుంది, ఇంటికి రాగానే మొదలవుతుంది. నిద్ర లేక.

అత్త కూడా తలకి గుడ్డ కట్టుకుంది. పాప మాత్రం బాగుంది. బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి. "పాపా, నీ ఒంటికి నా చేతి తిండి పడుతోందని మీ నాన్నకి చెప్పు" అంది అత్త.

కుట్టుపనావిడ పిల్లి మా పొయ్యి పక్కన పడుకునేది. ఈ మధ్య గడప దాటదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి అరిచి వెళ్లిపోతోంది. పిల్లులకి మనకి కనిపించనివి కనిపిస్తాయంటుంది ఆవిడ.

నవంబరు 28

ఇది రాయాలో వద్దో.

పొద్దున్న దీపాలు ఆర్పి వచ్చి పడుకున్నాను. బయట మబ్బు. అత్తా పాపా వంటగదిలో ఉన్నారు. కళ్లు మూసుకున్నానంతే, నిద్ర పట్టలేదని ఒట్టేసి చెప్పగలను. మంచం అంచు కుంగింది. ఎవరో కూర్చున్నట్టు. ఆ తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. తను ఏదైనా చెప్పబోయే ముందు అలాగే సవరించుకునేది, కోర్టులో సాక్షిలాగా. ఎన్నిసార్లు వెక్కిరించానో.

కళ్లు తెరవలేదు. తెరిస్తే పోతుందని తెలుసు. ఛాతీ మీద బరువు. చెవుల్లో సన్నగా గంటలు మోగుతున్నట్టు. తను ఏదో చెబుతుందని ఎదురుచూస్తూ పడుకున్నాను. చెప్పలేదు. కూర్చునే ఉంది.

నవంబరు 29

రాలేదు.

నవంబరు 30

రాలేదు. నిన్నా ఇవాళా ఎండ కాసింది, అత్త కిటికీలు తీసి పరుపులు ఆరబెట్టింది. ఇల్లంతా సందడి. ఇంత సందడిలో ఎవరు మాత్రం వస్తారు?

డిసెంబరు 3

మళ్లీ చలి. కిటికీలు మూశాం. వచ్చింది.

డిసెంబరు 5

భోజనాల దగ్గర పాప ఉన్నట్టుండి, "అమ్మ వచ్చింది" అంది.

అత్త చేతిలో గరిటె కిందపడింది. నేను కంచంలోంచి తల ఎత్తలేదు. 

"ఎక్కడ?" అంది అత్త.

"అక్కడ. మంచం దగ్గర కూచుంది."

అత్త చాలాసేపు మంచం వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. పాప మీదుగా కాదు, నా వైపే. 

"నీకూ కనిపించిందా?"

"కనిపించలేదు. వినిపించింది. గొంతు..."

"సవరించుకుందా?"

"ఆ."

"చిన్నప్పట్నుంచీ అంతే దానికి" అంది అత్త. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. పాప మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ తన కంచం ఖాళీ చేసింది.

డిసెంబరు 8

అత్తకి తను వంటగదిలో కనిపిస్తోందట. పెద్ద మనిషిగా కాదు. ఏడెనిమిదేళ్ల పిల్ల, తడి జుట్టు, గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉంటుందట. "ఏమీ అడగదు. ఆకలేస్తోందా అంటే తల ఊపుతుంది. నేను మాట్లాడుతూ ఉంటే వింటుంది" అంది. వంటగదిలోంచి అత్త గొంతు వినిపిస్తుంటే ఇన్నాళ్లూ పాపతో మాట్లాడుతోందనుకున్నాను.

ఇవాళ ఇద్దరం పొద్దు వాలే దాకా కూర్చుని తన గురించే మాట్లాడుకున్నాం. తను చిన్నప్పుడు చెట్టెక్కి దిగలేక సాయంత్రం దాకా ఏడ్చిందట. నాతో ఎప్పుడూ అనలేదు. నేను నిచ్చెన ఎక్కుతుంటే తల పక్కకి తిప్పుకునేది, ఎందుకో ఇవాళ తెలిసింది.

దీపాలకి ఆలస్యమైంది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. రొట్టెల దుకాణం దగ్గర జనం చీకట్లో తడుముకుంటూ నడుస్తున్నారు. "ఏం నాయనా, చంద్రుడితో ఒప్పందం కుదుర్చుకున్నావా?" అన్నాడు ఒక ముసలాయన.

డిసెంబరు 12

తలుపు తెరిచి ఉన్న రోజు రాదు. కిటికీ సందులోంచి గాలి కొట్టినా రాదు. తనకి చలి పడేది కాదు మరి. పాత చొక్కా చింపి కిటికీ సందుల్లో కుక్కాను. తలుపు కిందకి అత్త గోనె సంచి మడిచి పెట్టింది. ఇద్దరం ఒక్క మాటా అనుకోకుండా చేశాం.

డిసెంబరు 13

వచ్చింది. చాలాసేపు ఉంది.

డిసెంబరు 15

కుట్టుపనావిడ మెట్ల మీద ఆపింది. 

"ఇంట్లో ఉంటే నాకు తల తిరుగుతోంది. బట్టలిచ్చి రావడానికి బజారుకెళితే హాయిగా ఉంటుంది. మీకేం లేదా?"

"చలికి అందరికీ అలాగే ఉంది."

"చలికి పిల్లి ఇల్లు వదిలేస్తుందా? ఒకసారి మీ గ్యాసు వాళ్లని పిలిచి చూపించకూడదూ?"

నాకు కోపం వచ్చింది. "నేనే గ్యాసు వాణ్నమ్మా. మీరు సూదిలోకి దారం ఎక్కించడం నేర్చుకోకముందు నుంచి ఈ పనిలో ఉన్నాను. లీకుంటే నా ముక్కుకి తెలియదా? వాసనేమైనా వస్తోందా మీకు?"

"లేదు" అంది.

"మరింకేం."

అప్పటికీ ఇంట్లోకి వచ్చి మూల మూలనా వాసన చూశాను. నేల మీద బోర్లా పడుకుని పలకల సందుల్లో ముక్కు పెట్టి చూశాను. తడి మట్టి వాసన. అంతే. గ్యాసు వాసన లేదు. నా కోటుకి ఉంది కానీ అది ఎప్పుడూ ఉంటుంది. నేను కోటు విప్పితే గానీ తను దగ్గరికి రానిచ్చేది కాదు.

లీకు లేదు. రాసి పెట్టుకుంటున్నాను, లేదు.

డిసెంబరు 19

ఇంటి ముందు దీపం ఇవాళ చిటికెన వేలంత వెలిగింది. గొట్టంలో నీరు చేరితే మంట ఎగిరెగిరి పడుతుంది. ఇది ఎగరడం లేదు. సన్నబడుతోంది. 

దీపానికి రావలసిన గ్యాసు దీపానికి రాకపోతే ఇంకెక్కడికో పోతూ ఉండాలి. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

నీరే అయి ఉంటుంది.

డిసెంబరు 23

వంతెన మీద దీపాలు వెలిగిస్తుంటే పైపు మేస్త్రి ఎదురయ్యాడు. నేల కింద గొట్టాలు బాగు చేసేది ఆయనే. చెవిటివాడు కాబట్టి అరిచి మాట్లాడతాడు.

"ఏరా, మీ వీధిలో కందకం తవ్వారు కదా, అంతా బాగానే ఉందా? ఈ కరెంటు కూలీల గునపాలకి కళ్లుండవు!"

వంతెన మీద చల్లగాలి కొడుతోంది. తల తేలిగ్గా ఉంది. ఆ క్షణంలో అంతా అద్దంలో చూసినట్టు కనిపించింది. దీపం, పిల్లి, తలనొప్పి, పాప బుగ్గలు. చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు పై మేస్త్రి అన్నది గుర్తొచ్చింది. లీకన్న మాట బయటికొస్తే పొడుగు ఏమవుతాడు? వాడికి నలుగురు పిల్లలు. నా ఒక్కడి అనుమానం కోసం అందరి నోటికాడ ముద్ద తీసేస్తానా?

"బాగానే ఉంది!" అని అరిచాను.

ఇంటికొచ్చాక అత్తతో, "రేపు కొంచెం కిటికీ తీద్దామా?" అన్నాను. అత్త నా మొహం చూసింది. నా మనసులో ఉన్నదంతా చదివినట్టే చూసింది.

"తియ్యకు" అంది. తర్వాత మెల్లగా, "ఇంకొన్నాళ్లు. బతిమాలుకుంటున్నాను అల్లుడూ" అంది. 

ఆవిడ నన్ను అల్లుడని పిలవడం ఇదే మొదలు.

తియ్యలేదు. పొడుగు పిల్లల కోసమని పైన రాశాను. ఆ మాట కొట్టెయ్యాలి. కొట్టెయ్యను, ఉండనీ.

డిసెంబరు 27

పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. కాంపౌండరు నాలుక చూసి, కళ్లు చూసి, పడిశం అన్నాడు. కషాయం రంగు మందిచ్చాడు. పాప పగలంతా నిద్రపోతోంది. లేపితే కళ్లు తెరిచి, "అమ్మ వచ్చింది" అని మళ్లీ పడుకుంటోంది.

రేపు పైపు మేస్త్రికి చెబుతాను.

డిసెంబరు 28

రేపు.

తేదీ తెలియదు

ఇవాళ తను మాట్లాడింది. ఏమందో లేచేసరికి గుర్తు లేదు. అక్షరాలు పడటం లేదు.

జనవరి 7

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నాలుగు రోజుల కిందటి మాట.

పొద్దున్నే దీపాలు ఆర్పుకుంటూ మా వీధికి వచ్చాను. మా ఇంటి ముందు దీపం దగ్గర కర్ర ఎత్తాను. ఆర్పడానికి మంట లేదు. ఎప్పుడు ఆరిందో తనంతట తనే ఆరిపోయింది. మీట తెరిచే ఉంది, గొట్టంలో గ్యాసు లేదు.

కర్ర ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆ కర్రతోనే మా కిటికీ అద్దాలు బద్దలు కొట్టాను. రెండు కిటికీలూ. తలుపు తోస్తే గోనె సంచి అడ్డం పడి తెరుచుకోలేదు, భుజంతో గుద్దాను.

అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్లో పాప తల. అత్త నవ్వుతోంది. పాప బుగ్గలు ఎర్రగా, పెదాలు ఎర్రగా, పెళ్లికి ముస్తాబు చేసినట్టున్నాయి. లేపాను. లేవలేదు. గట్టిగా ఊపాను. తల అటూ ఇటూ వేలాడింది.

ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. రోడ్డు మీద, ఆ నున్నటి తారు మీద పడుకోబెట్టి మొహాన చన్నీళ్లు కొట్టాను. కుట్టుపనావిడ దిగివచ్చి పాప గుండెకి చెవి ఆనించి, "ఊపిరుంది, ఊపిరుంది!" అని అరిచింది. అప్పుడు మళ్లీ లోపలికి వెళ్లాను.

"అత్తా, లే."

"నువ్వు నీ పిల్లని తీసుకుపో" అంది. మాట ముద్దగా వస్తోంది. "నేను నా పిల్ల దగ్గరుంటాను."

"ఇక్కడ ఎవరూ లేరు అత్తా. అది గ్యాసు."

"నాకు తెలుసు" అంది.

నాకూ తెలుసని ఆవిడకి తెలుసు. ఇద్దరం తెలిసే చేశామని ఆ ఒక్క మాటలో తేలిపోయింది. నేను చంకల కింద చేతులు వేసి లాగాను. గడప పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. నా ముంజేయి కొరికింది. "అది ఏడుస్తోంది, నన్ను చూసి ఏడుస్తోంది, వదలరా" అని అరిచింది. అప్పుడు నాకు కూడా, నా వెనకాల గదిలో, గొంతు సవరించుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. 

తిరిగి చూడలేదు. అత్తని రోడ్డు మీదికి లాగేశాను.

పాప ఆ మధ్యాహ్నం కళ్లు తెరిచింది. డాక్టరు పిల్లని వరండాలో, గాలి తగిలేచోట పడుకోబెట్టించాడు. "ఆ ఎర్ర బుగ్గలు ఆరోగ్యం కాదు, గ్యాసు విషం. ఇంకొక్క గంట ఆలస్యమైతే నా దగ్గరికి తెచ్చినా లాభం ఉండేది కాదు" అన్నాడు. "గ్యాసు పని చేసేవాడివి, నీకెలా తెలియలేదయ్యా?" అని అడిగాడు. చెప్పేదేదో ఇప్పటికే ఇక్కడ రాసేశాను.

జనవరి 9

రోడ్డు తవ్వారు. పైపు మేస్త్రి గోతిలోకి దిగి నన్ను పిలిచి చూపించాడు. కందకం తవ్వినప్పుడు గునపం తగిలిన చోట పెద్ద గ్యాసు గొట్టం నిలువునా చీలింది. ఇన్నాళ్లుగా కారుతూనే ఉంది.

"రోడ్డు వెయ్యకముందైతే పైకొచ్చి గాల్లో కలిసిపోయేది," అరిచాడాయన, "పైన తారు మూత పెట్టేశారుగా! దారి లేక మట్టిలోంచి పక్కకి పాకింది. చాప కింద నీరులా మీ నేల పలకల కిందకి చేరింది!"

"వాసన రాలేదు మేస్త్రీ. నేల మీద పడుకుని చూశాను."

ఆయన గుప్పెడు మట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. దాంట్లో ఉంది, నిండా గ్యాసు కంపు. 

"మట్టి వాసన తాగేస్తుందిరా. విషం మాత్రం తాగదు" అన్నాడు. ఆ ఒక్కమాట ఎందుకో అరవకుండా అన్నాడు.

పొడుగు గోతి పక్కన నిలబడి విన్నాడు. ఊరంతా అప్పటికే పొక్కింది. వేసవి తర్వాత మా పేటా వాడి పేటా కరెంటుకి మారుస్తారట. వాడు నన్ను తిడతాడనుకున్నాను. "పాపకి బాగుందా?" అని అడిగాడు. బాగుందన్నాను. "సరే మరి" అని కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

జనవరి 12

కొత్త అద్దాలు పెట్టించాను. ఒక్కణ్నే ఇంట్లో పడుకున్నాను. కిటికీలు మూసి పడుకున్నాను. 

ఏమీ లేదు. మంచం మంచంలా ఉంది.

జనవరి 16

పాప ఇంటికొచ్చింది. అత్త కూడా వచ్చింది. నడక తడబడుతోంది, చేతిలో వస్తువులు జారిపోతున్నాయి, డాక్టరు నెమ్మదిగా తగ్గుతుందన్నాడు. గుమ్మంలో ఆగి, వంటగది గోడ వైపు చూసింది. 

"మొదటిసారి జ్వరం తీసుకుపోయింది" అంది. "రెండోసారి నువ్వు."

తర్వాత మాట లేదు. పాప మీదుగా కూడా లేదు.

జనవరి 20

మాట లేదు.

జనవరి 25

ముంజేతి మీద పంటి గాటు మానుతోంది. దురద పెడుతోంది.

ఫిబ్రవరి 2

పనికి వెళ్లబోతూ బూట్లు తొడుక్కుంటున్నాను. అత్త వెనకనుంచి అడిగింది.

"ఆ గొట్టం గట్టిగా అతికించారా?"

"కొత్త ముక్క వేశారు."

"మళ్లీ పగలదు కదా?"

"పగలదు."

భయంతో అడిగిందో ఆశతో అడిగిందో తెలియదు. పగలదు అన్నప్పుడు నా గొంతులో ఉన్నదేమిటో కూడా నాకు తెలియదు. దీపాలన్నీ వెలిగించి వచ్చే దాకా అదే ఆలోచించాను.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం. అత్త కూరలు తరుగుతోంది. నేను బూట్లకి నూనె రాస్తున్నాను. పాప కింద కూర్చుని కాగితం మీద బొమ్మ వేస్తోంది.

"నాన్నా, అమ్మ పొడుగా, పొట్టా?"

అత్త విసుగ్గా, "అదేం ప్రశ్నే? మొన్నటిదాకా చూశావుగా" అంది. 

"చూడలేదు."

"మంచం దగ్గర కూచుందన్నావు."

"అన్నాను." పాప బొమ్మలోంచి తల ఎత్తలేదు. "నాకేం కనపళ్లేదు అమ్మమ్మా. తలనొప్పి వచ్చేది, అంతే."

"మరెందుకు అన్నావే?"

"నువ్వు వంటింట్లో అమ్మతో మాట్లాడుతున్నావుగా, విన్నాను. నేను అమ్మొచ్చిందని అన్నాక నువ్వూ నాన్నా మాట్లాడుకున్నారు. నన్ను చెప్పమనలేదు. అందుకని రోజూ అన్నాను."

అత్త చేతిలో కత్తి ఆగింది. నా చేతిలో గుడ్డ ఆగింది. ఆసుపత్రిలో కూడా నాకు అంత భయం వెయ్యలేదు. కళ్లు తెరవలేని స్థితిలో కూడా ఆ పిల్ల మా కోసం ఆ మాట అంటూనే ఉంది.

"అమ్మ మొహం నాకు గుర్తు లేదు" అంది పాప. "బొమ్మ ఎలా వెయ్యాలి?"

నేను గుడ్డ కింద పెట్టి పాప పక్కన కూర్చున్నాను. తర్వాత అత్త అంది, "పొట్టి. మీ నాన్న భుజం దాకా వచ్చేది."

"భుజం కాదు, చెవి దాకా" అన్నాను నేను.

"చెవి దాకానా! మడమలెత్తి నిలబడితే వచ్చేదేమో."

"ఎప్పుడూ మడమలెత్తే నిలబడేది కదా, అత్తా."

అత్త నా వైపు చూసింది. "నిజమే" అంది. "కుదురుగా ఎప్పుడు నిలబడి చచ్చింది గనక."

పాప బొమ్మకి కాళ్లు కొంచెం పైకి లేపి వేసింది. జుట్టు ఎలా ఉండేదని అడిగింది, చెప్పాం. ఒకే పని మీద పది అబద్ధాలు ఎలా ఆడేదో అత్త చెప్పింది. పేకాటలో ముక్కలు ఎలా దాచేదో నేను చెప్పాను. అది అత్తకి తెలియదట. "నాతో ఆడినప్పుడూ దాచిందన్నమాట, దొంగముండ" అంది.

"ఎలా నవ్వేది?" అని అడిగింది పాప.

చెప్పడానికి ప్రయత్నించాను. ముందు చప్పుడుండదు, భుజాలు కదులుతాయి, తర్వాత ముక్కులోంచి... కుదరలేదు. అది మాటల్లోకి రాలేదు.

అత్త కత్తి పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. పెదాలు బిగించింది. భుజాలు కదిలాయి, ముక్కులోంచి చిన్న గురక లాంటి చప్పుడు, ఆ వెనకే ఒక్కసారిగా బిందె బోర్లించినట్టు నవ్వు.

ఒళ్లంతా గగుర్పొడిచింది. తనే. అచ్చం తనే, ఆ ముసలి గొంతులోంచి. వీధి వైపు కిటికీ బార్లా తెరిచి ఉంది, చల్లగాలికి పాప కాగితం రెపరెపలాడుతోంది, నాకు తలనొప్పి లేదు, చెవుల్లో గంటలు లేవు. 

"మళ్లీ" అంది పాప.

అత్త మళ్లీ నవ్వింది.